ఫ్యామిలీ ప్లాన్‌లో నేను పాసైన రోజు

మొన్న ఆదివారం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చుని, ఒక చేత్తో చిప్స్ తింటూ ఇంకో చేత్తో కొత్త ఫోను కొనేసింది. కొట్టుకు వెళ్లలేదు, ఎవరినీ అడగలేదు, పక్కనే కూర్చున్న వాళ్ల అమ్మతో ఒక్క మాట కూడా అనలేదు. చేతిలో ఉన్నది కొని ఇంకా ఏడాది తిరగలేదు కదా, మరి ఎవరి అప్‌గ్రేడ్ వాడావే అని అడిగితే, ఆ పిల్ల నావైపు వింతగా చూసి, "అప్‌గ్రేడ్ వాడడం అంటే వాట్, అమ్మమ్మా? ఐ జస్ట్ బాట్ ఇట్," అంది. ఆ అప్‌గ్రేడ్ అనే మాట కోసం ఒకప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో ఈ పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పినా దానికి నవ్వులాటగా ఉంటుంది. అందుకే నా ఈడువాళ్లైన మీకు చెప్పుకుంటున్నాను.

మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఫోను ఊరికే కొనుక్కునే వస్తువు కాదు. కంపెనీవాడు ఫోను చవగ్గా చేతిలో పెట్టి, రెండేళ్లపాటు నువ్వు నావాడివే అని సంతకం పెట్టించుకునేవాడు. ఆ రెండేళ్లు నిండేదాకా చవగ్గా ఇంకో ఫోను ఇవ్వడు, మధ్యలో పోతానంటే జరిమానా వేస్తాడు. ఇంట్లో నలుగురైదుగురు కలిసి ఒకే ఖాతాలో ఉంటే దాన్ని ఫ్యామిలీ ప్లాన్ అనేవారు. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో లైను, ఒక్కో లైనుకు చవగ్గా కొత్త ఫోను వచ్చే తేదీ, అదే అప్‌గ్రేడ్, వేరు.

మేం అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో ఉండే రోజులవి. మా ఆయన ఇండియన్ కొట్ల వరసలో ఉన్న ఒక హోటల్లో వంట చేసేవారు. మా అమ్మాయి అప్పటికే పెళ్లై ఎక్కడో దూరాన పార్సిప్పనీలో ఉండేది. మా అక్క కొడుకు ఆ పక్కనే లాస్ కోలినాస్ ఆఫీసుల్లో ఇంజనీరు, మా అపార్ట్‌మెంట్లలోనే రెండు బిల్డింగుల అవతల ఉండేవాడు. వాడూ కోడలూ ఉద్యోగాలకు వెళితే వాళ్ల చంటిపిల్లను పగలంతా నేనే చూసుకునేదాన్ని. మాకు వాడే పెద్దకొడుకు లెక్క. మా ఫోన్లన్నీ వాడి ఫ్యామిలీ ప్లాన్‌లోనే ఉండేవి. వాడు, కోడలు, మా ఆయన, నేను, ఇంకా వాడితో చదువుకుని తర్వాత చాండ్లర్ అనే ఊరు వెళ్లిపోయిన ఒక స్నేహితుడు. ఆ అబ్బాయిని నేను ఒక్కసారే చూశాను, అదీ ఎవరి పెళ్లిలోనో వడ్డన దగ్గర. అయినా కంపెనీవాళ్ల లెక్కలో మేమంతా ఒకే కుటుంబం.

నాకు ఏకాదశి ఎప్పుడో క్యాలెండరు చూడకుండా ఎలా తెలుస్తుందో, మా వాడికి ఎవరి లైనుకు అప్‌గ్రేడ్ ఎప్పుడో అలా తెలిసేది. కొత్త ఫోను బజారులోకి వచ్చిందంటే వాడికి నిద్ర పట్టదు. వాడి లైనుకు తేదీ రాకపోతే నా లైను మీద తెప్పించి, అది వాడు పెట్టుకుని, వాడి పాతది నాకిచ్చేవాడు. నా పేరు మీద ఎన్ని కొత్త ఫోన్లు వచ్చినా నా చేతికి మాత్రం ఎప్పుడూ కొత్తది రాలేదు. వాడి ఆఫీసు వాళ్ల ఫోటోలతో, మూల కాస్త పగిలి, వేళ్ల జిడ్డుతో వచ్చేది నాకు. నేనేమీ అనుకునేదాన్ని కాదు. నాకు కావలసింది మధ్యాహ్నం హోటల్లో రద్దీ తగ్గాక మా ఆయన చేసే ఒక్క ఫోను. తిన్నావా, తిన్నాను, ఏం వండావు, పప్పు. అంతే మా మాటలు. ఏ రోజూ ఆ ఫోను తప్పలేదు.

ఆ సంవత్సరం వేలితో తోస్తే బొమ్మలు జరిగే రకం ఫోను ఒకటి వచ్చింది. అది మా కంపెనీవాడి దగ్గర లేదు, ఇంకో కంపెనీలో ఉంది. మా వాడికి అది కావాలి. మా ప్లాన్‌లోంచి ఒక లైను తీసేసి, ఆ కంపెనీలో కొత్త మనిషిగా చేరితే చవగ్గా వస్తుందట. కానీ తీసేస్తే జరిమానా. దాన్ని తప్పించుకునే దారి కోసం వాడు వారం రోజులు కంప్యూటర్లో ఎక్కడెక్కడో చదివాడు. కోడలు విసుక్కుంది కూడా, "ఇంత చదువు కాలేజీలో చదివి ఉంటే ఈపాటికి డైరెక్టర్ అయ్యుండేవాడివి," అని. వాడు పట్టించుకోలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. ఇర్వింగ్‌లో లైబ్రరీవాళ్లు మాలాంటి వాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవారు. కోడలు బలవంతం మీద చేరాను. మొదటి మెట్టు అయ్యాక పరీక్ష పెట్టారు. పాసయ్యానో లేదో టీచరమ్మ ఫోను చేసి చెబుతుందన్నారు. నాకు ఇంగ్లీషులో చెబితే అర్థం కాదని మా వాడి నంబరు ఇచ్చాను. అప్పట్నుంచీ వాడి ఫోను మోగితే నా చెవులు అటే ఉండేవి.

ఒక రోజు వాడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. నేను వాళ్లింట్లోనే పిల్లకు అన్నం తినిపిస్తున్నాను. పక్క గదిలో వాడు ఫోన్లో మాట్లాడుతుంటే, ఆంటీ అనే మాట, ఆ వెంటనే పాస్డ్ అనే మాట వినబడ్డాయి. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. వాడు మళ్లీ అన్నాడు, "యెస్, షి పాస్డ్," అని. తర్వాత థాంక్యూ, థాంక్యూ అన్నాడు. గొంతు మాత్రం చాలా దిగులుగా ఉంది. నేను అనుకున్నాను, పాసయితే అయ్యాను గానీ మార్కులు మరీ అత్తెసరు వచ్చి ఉంటాయి, టీచరమ్మ ముందు వాడికి తలవంపులైనట్టుంది, అందుకే అంత నీరసంగా మాట్లాడుతున్నాడు అని. అయినా నా ఆనందం ఇంతా అంతా కాదు. పుట్టాక నేను పాసైన మొదటి పరీక్ష అది. వాడు గదిలోంచి వచ్చి నావైపు చూసి గబగబా తల తిప్పుకున్నాడు. నేనూ అడగలేదు, మా ఆయనకు ముందు నేనే చెప్పాలని. వాడు పిల్లను చూసుకుంటానంటే మా ఇంటికి వచ్చి కేసరికి రవ్వ వేయించడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం ఆయన ఫోను రాలేదు. చూస్తే నా ఫోను మీద సిగ్నలు గీతలన్నీ పోయి ఉన్నాయి. మా వాడి పాత ఫోనే కదా, మళ్లీ చెడిందనుకున్నాను.

అక్కడ హోటల్లో జరిగింది నేను తర్వాత విన్నాను. ఆయన రోజూలాగే నాకు ఫోను చేశారు. ఈ నంబరు లేదని ఒక గొంతు చెప్పింది. మళ్లీ చేశారు, మళ్లీ అదే. మా వాడికి చేస్తే పిల్లను ఒళ్లో పెట్టుకుని మీటింగులో ఉన్నాడట, ఎత్తలేదు. సరే కంపెనీవాళ్లనే అడుగుదామని వాళ్లకు ఫోను చేసి, మా ఆవిడ లైను పని చేయడం లేదు ఎందుకని అడిగారు. అవతల ఉన్న అమ్మాయి ఖాతా తెరిచి చూసి, చాలా మెత్తగా, సారీ సర్, ఆవిడ పాసైపోయారని ఇవాళ మీ వాళ్లు చెప్పారండీ, అందుకే లైను తీసేశాం అంది. ఆయన నాలా కాదు, హోటల్లో అందరితోనూ మాట్లాడే మనిషి. ఇక్కడివాళ్లు మనిషి పాసయ్యిందంటే పోయిందని అర్థమని ఆయనకు తెలుసు.

పొయ్యి మీద మూకుడు అలాగే వదిలేసి బయటికి నడిచారట. ఓనరు వెనకాలే పరిగెత్తి, నువ్వు డ్రైవ్ చేయకు, నేను తీసుకెళతాను అంటున్నా వినకుండా కారెక్కారట. ఆ హైవే మీద ఆ స్థితిలో ఎలా నడిపారో, ఎన్ని కార్లు హారన్లు కొట్టాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. గుండెకు స్టెంట్ వేసి అప్పటికి ఏడాదే అయింది.

తలుపు ఎవరో రెండు చేతులతో బాదుతున్నారు. తీశాను. ఎదురుగా ఆయన, నడుముకు వంటగుడ్డ, కళ్లు ఎర్రగా. ఏదో తొందరగా వచ్చారు, ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు అనుకుని, నవ్వు ముఖంతో, "నేను పాసయ్యానండీ," అన్నాను.

ఆయన గడప మీదే కూలబడిపోయారు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నా పాదాలు చేత్తో తడిమి చూశారు. ఆ మనిషి నా పాదాలు ముట్టుకోవడం మా పెళ్లిలో మెట్టెలు తొడిగినప్పుడు తప్ప నేనెరగను. ఏమైందండీ, ఏమైందండీ అని అడుగుతుంటే వెక్కి వెక్కి ఏడ్చారు. పాపం, నేను పాసైతే ఇంత సంతోషమా అని నేను ఇంకా బిత్తరపోయి చూస్తున్నాను.

సంగతంతా తేలేసరికి సాయంత్రమైంది. మా వాడు, కోడలు, పిల్ల మా ఇంట్లోనే ఉన్నారు. లైను మీద ఉన్న మనిషి పోతే జరిమానా వేయరని ఎక్కడో చదివాడట. నన్ను ఇక్కడ చంపి, ఆ కంపెనీలో కొత్త మనిషిగా పుట్టిద్దామనుకున్నాడు.

"అది ఉత్తి మాట బాబాయ్. రూల్ తప్పించుకునే వర్కరౌండ్, అంతే. అందరూ చేస్తారు," అన్నాడు తల దించుకుని.

"అందరూ పిన్నిని చంపుతారా?" అన్నారు ఈయన.

"కాగితం కూడా అడగలేదు బాబాయ్, జస్ట్ ఫోన్‌లో చెప్పమన్నారు."

"చంపితే నీ లైను చంపుకోకపోయావా?"

వాడు ఆలోచించకుండా, "నా లైన్‌కి వచ్చే నెల అప్‌గ్రేడ్ ఉంది," అన్నాడు.

కోడలు చేతిలో పిల్లను నా ఒళ్లో పడేసి, "నువ్వు ముందు ఇంటికి నడువు, నీ అప్‌గ్రేడ్ నేను చేస్తాను," అంది. తర్వాత నావైపు తిరిగి, "నాకు నిజంగా తెలీదు అత్తయ్యా," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా అక్కకు ఈ సంగతి చేరింది. నెత్తిన కాకి తంతే దోషం పోవడానికి, ఆ మనిషి పోయిందని చుట్టాలకు అబద్ధపు కబురు పెట్టి ఏడిపించడం మా వైపు ఉంది కదా. దాన్ని పట్టుకుని అక్క ఆయనతో ఫోన్లో, "కాకి తన్నకుండానే దానికి గండం గడిచిపోయింది, ఇంక దానికి నూరేళ్లు, మీరు సంతోషించండి మరిదిగారూ," అంది. ఆయన, "ఆ కబురు చుట్టాలకు పెడతారు వదినగారూ, మొగుడికి పెట్టరు," అని ఫోను నా చేతికిచ్చేశారు.

ఆ మర్నాడు ఆయన పనికి పోలేదు. నాకు కొత్త నంబరు తీసుకుందామని వాడంటే వద్దన్నారు. "అదే నంబరు కావాలి. అదే నంబరు ఆవిడ ఉందని చెప్పాలి," అని ఒకటే పట్టు. వాడు కంపెనీకి ఫోను చేసి, పొరపాటైంది, మా ఆంటీ బతికే ఉంది అన్నాడు. వాళ్లు నమ్మరే. ఆవిడనే మాట్లాడమనండి అన్నారు. నేను లైబ్రరీలో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడదీసుకుని, "హలో మేడమ్, ఐ నాట్ పాస్. ఐ ఈజ్ హియర్," అన్నాను. అవతల ఆవిడ నవ్వు ఆపుకోలేక ఫోను పక్కన పెట్టినట్టుంది. చాలాసేపు పాట వినిపించారు. చివరికి ఆ నంబరు తిరిగి ఇచ్చారు, మళ్లీ మొదటి నుంచి రెండేళ్ల కాంట్రాక్టుతో. ఆయన సోఫాలో నా పక్కనే కూర్చుని, తన ఫోన్లోంచి ఆ నంబరుకు చేశారు. నా చేతిలో మోగింది. ఎత్తమని సైగ చేశారు. ఎత్తి హలో అంటే, పక్కనే ఉన్న మనిషి ఫోన్లోనే, "తిన్నావా?" అని అడిగారు.

అసలు లైబ్రరీ పరీక్షలో నేను తప్పాను. ఆ వారం చివర టీచరమ్మ ఫోను చేసింది. ఈసారి మా వాడు, "పిన్నీ, నువ్వు ఫెయిల్," అని ఎంత సంతోషంగా చెప్పాడో, ఆయన అంత సంతోషంగానూ విన్నారు. నా నంబరు తిరిగొచ్చాక ఆయన వాడితో మాటలు మానేశారు, ఆ మాటతోనే ఇద్దరి మధ్యా మళ్లీ మొదలయ్యాయి.

తర్వాత కాంట్రాక్టులు పోయాయి, తేదీలు పోయాయి. మా వాడు స్నేహితుడి దగ్గరికే చాండ్లర్ వెళ్లిపోయాడు, మేం మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాం. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి లైను వాళ్లది. ఇప్పుడు ఎవరి రూలునూ తప్పించుకోవడానికి ఎవరినీ చంపక్కర్లేదు, మంచిదే. కానీ నిజంగా పోయినవాళ్ల కబురు కూడా ఇప్పుడు ఈ ఫోన్లలోనే వస్తోంది. పోయిన వారం మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ల పాతవాళ్ల గ్రూపులో ఒకావిడ పోయారని వచ్చింది. మా కింది ఇంట్లో ఉండేవారు, నాకు జ్వరమొస్తే చారు కాచి పట్టుకొచ్చిన మనిషి. కింద అప్పటికే వరసగా దండం బొమ్మలు ఉన్నాయి. నేనూ ఒక దండం నొక్కాను. దాని కిందే ఎవరో పెట్టిన పిల్లి వీడియో ఉంటే అదీ చూశాను. చూసి నవ్వాను. నవ్విన తర్వాత మళ్లీ పైకి జరిపి ఆవిడ పేరు చూశాను.

ఫోను పట్టుకెళ్లి ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చదివారు. అయ్యో, మంచి మనిషి అన్నారు. తర్వాత తన ఫోను తీసి, దండం బొమ్మ ఎక్కడుందో కాస్త వెతుక్కుని, నొక్కారు. ఒకప్పుడు నా పాదాలు తడిమి చూసిన ఆ వేలివైపే చూస్తూ కూర్చున్నాను.