మైనం కలిపిన నూనె

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆమె, టైలర్‌కు పరిచయమైంది ఒక చిరుగు వల్ల. కుట్టు విడిపోయిన జాకెట్టు ఇవ్వబోతూ బల్లమీద చెయ్యి ఆనించింది. అక్కడున్న పట్టుగుడ్డ ఆమె వేలికి తగులుకుని పోగు లేచిపోయింది. ఎవరి గుడ్డో ఏమో! ఆమె బిక్కచచ్చిపోయింది. టైలర్ గుడ్డ సంగతి పట్టించుకోలేదు.

"ఏవీ, ఆ చేతులిలా చూపించండి," అన్నాడు.

కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు జీర కట్టి ఉంది. పొద్దస్తమానం సోడాపొడి, సలసలా కాగే నీళ్లు మరి.

"పక్కింటావిడ నిమ్మకాయ రుద్దమందండీ. రుద్దితే చుక్కలు కనిపించాయి."

"ఆవిడకి మీ మీద పాత కక్షేమైనా ఉందా?" అని నవ్వాడు టైలర్. దారానికి పట్టించే తేనెమైనం ముక్క గిల్లి, కొబ్బరినూనెలో కరిగించి, చిన్న డబ్బీలో పోసిచ్చాడు. "వేలు గరుకైతే గుడ్డ మమ్మల్ని ముట్టుకోనివ్వదు. అందుకే మాకిది అలవాటు. చెయ్యి తడిగా ఉండగానే రాయండి. గోరువెచ్చని నీళ్లే వాడండి."

డబ్బీ ఇట్టే అయిపోయేది. ఆమె మళ్లీ వచ్చేది. "ఆ డబ్బీకి చిల్లున్నట్టుందే!" అని పక్క కొట్టులో చెప్పులు కుట్టేవాడు టైలర్‌ని ఆటపట్టించేవాడు. ఇద్దరికీ నడివయసు దాటింది, ఇద్దరూ తోడు పోయినవాళ్లే. చివరికి పెళ్లి చేసుకున్నారు. టైలర్ చెల్లెలు మాత్రం, "ఈ వయసులో ఇదేం బుద్ధి, నలుగురూ నవ్విపోరూ?" అని అన్నగారి గడప తొక్కడం మానేసింది.

సాయంత్రం ఆమె పని నుంచి రాగానే టైలర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని చేతులకు నూనె రాసేవాడు. పైన పాత బనియన్ గుడ్డతో తానే కుట్టిన తొడుగులు వేసేవాడు. అవి వేసుకుంటే గ్లాసైనా ఎత్తడానికి లేదు. "మహారాణీగారికి మంచినీళ్లు," అంటూ ఆయనే తాగించేవాడు. ఆమె సిగ్గుతో ముడుచుకుపోతూనే తాగేది.

ఒకరోజు మిషను దగ్గరే టైలర్ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆమె అరచేత్తో ముఖం తుడవబోతే, ఆయన ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు.

"గుచ్చుకుంటున్నాయాండీ?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆసుపత్రిలో తిరిగిన రోజుల్లో నూనె ఊసే మరిచిందామె. చేతులు మళ్లీ గరుకుకాగితంలా తయారయ్యాయి.

క్యాంటీన్‌కి సెలవు పెట్టేసింది. మైనం తనే కరిగించుకుంది. మొదటిసారి మైనం ఎక్కువై రాయిలా బిగుసుకుంది, మళ్లీ నూనె పోసి కరిగించింది. చెయ్యి తడిసినప్పుడల్లా రాసుకుంది. మీగడ పట్టించింది. ఎడమచేతికి తొడుగు వేసుకోవాలంటే పళ్లతో లాక్కోవాల్సి వచ్చేది. పగుళ్లు మెల్లగా పూడాయి. ఒక ఉదయం భయంభయంగా ఆయన చెంపమీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడలేదు. చెంపను అరచేతిలోకి ఒత్తిపెట్టి అలాగే ఉండిపోయాడు.

"చూశారా, నేనూ నేర్చుకున్నాను!" అంది పొంగిపోతూ.

ఆ వారం తిరక్కుండానే, ఆమె జావ చల్లార్చి తెచ్చేలోగా ఆయన ప్రాణం పోయింది.

ఆమె ఏడవలేదు. తిరిగి పనిలో చేరింది. నూనె జోలికి పోలేదు. తోటివాళ్లు, "చేతులేంటక్కా అలా అయిపోయాయి, ఏదైనా రాసుకోకూడదూ?" అంటే, "ఎవర్ని ముట్టుకోవాలే ఇంక?" అనేది. కణుపులు మళ్లీ పగిలాయి.

ఒక మధ్యాహ్నం టైలర్ చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "మంచాన పడ్డాడని తెలిసినా రాలేదు వదినా. లేచాక వచ్చి దెబ్బలాడదామనుకున్నాను," అంది. వదినా అని పిలవడం అదే మొదలు.

ఆమె మంచినీళ్లిచ్చింది. గ్లాసు అందుకుంటూ చెల్లెలు ఆ చేతులు చూసింది. లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చి, పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. ఇల్లు ప్రతిధ్వనించేలా ఏడ్చింది.

"అయ్యో, మండుతోందా?"

"లేదమ్మా... నువ్వు బొటనవేలి నుంచి మొదలుపెట్టావు. మీ అన్నయ్య చిటికెనవేలి నుంచి రాసేవారు."

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి తనకెలా తెలుస్తుంది? చిటికెనవేలు పట్టుకుని మళ్లీ రాయబోయింది.

"వద్దులే," అంటూ ఆమె మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీకు తోచినట్టే రెండో చేతికి రాయి."