ఒంటి గడప మొక్క

ఉగాది ఇంకా వారం ఉందనగా, కొరియర్ వాళ్ళు గుమ్మం దగ్గర వదిలి వెళ్ళిన అట్టపెట్టెను కత్తెరతో కోసి మూత తెరిచేసరికి ముందు తడి కొబ్బరిపొట్టు వాసన, దాని వెనకే కాస్త బూజు వాసన, అన్నిటికంటే అడుగున పచ్చిదుంప వాసన ముక్కుకు తగిలాయి. చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచీలో పెద్ద ఉల్లిగడ్డంత దుంప, దాన్ని అంటిపెట్టుకుని వేలెడంత పిలక ఉన్నాయి. ఇది ఫుట్‌బాల్ లిల్లీ. మే నెలలో ఒకే ఒక్క ఎర్రటి బంతి పూస్తుంది, వానాకాలమంతా ఆకులు వేస్తుంది, చలి మొదలవగానే ఆనవాలు లేకుండా మట్టిలోకి వెళ్ళి పడుకుంటుంది. అలాంటి ఉద్యోగం దొరికితే నేనూ చేసేదాన్ని. ఫొటో తీసి మా మొక్కల గ్రూపులో పెట్టాను. ఈ కాలంలో గ్రూపంతా ఇదే సందడి, ఎవరికి ఏ పార్సిల్ వచ్చిందో, దానిలోంచి ఏం దిగిందో ఫొటోలు పెడతారు, మిగతావాళ్ళు హృదయాల బొమ్మలు పెడతారు.

మా చిన్నప్పుడు కూడా మొక్కలు పార్సిల్లోనే వచ్చేవంటే ఈ గ్రూపులో పిల్లలు నమ్మరు. నందిగామలో మా వీధిలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు కలిసి బెంగుళూరు వైపు నుంచి పోస్టులో మొక్కలు తెప్పించేవారు. మిరప కళ్ళాలు ఎండి, ఊరి గాలంతా ఘాటెక్కి, బడిలో పాఠం చెప్పే మాస్టారు కూడా వాక్యానికొకసారి తుమ్మే రోజుల్లో, పత్తి బస్తాల లారీలు పోయిన దారి పొడవునా ముళ్ళకంపలకు తెల్లటి పోగులు వేలాడే రోజుల్లో, గుడ్డలో వేసి కుట్టి లక్కముద్రలు వేసిన పెట్టె వచ్చేది. మా ప్రాంతంలో మొక్కలు నాటడానికి అంతకంటే తెలివితక్కువ కాలం లేదు. రోహిణి కార్తెకి రోళ్ళు పగిలే చోట, ఎండలు ముదిరే ముందు చల్లని ఊళ్ళ మొక్కల్ని తెప్పించి, వాటికి తడి గోనెలు కప్పి, పందిళ్ళు వేసి, పసిపిల్లల్లా సాకేవారు. సగం చచ్చేవి. మళ్ళీ ఏడాది మళ్ళీ తెప్పించేవారు.

పెట్టె మా ఇంటి వసారాలోనే విప్పేవారు. మధ్యాహ్నం మగవాళ్ళు అన్నాలు తిని కొట్లకు వెళ్ళిపోయాక, నలుగురూ చీర కొంగులు బిగించుకుని చుట్టూ కూర్చునేవారు, ఒకరు కుట్లు విప్పితే ఒకరు గుడ్డ మడిచేవారు, లోపల తడి నాచులో చుట్టిన గులాబీ కొమ్మలు, రంపపు పొట్టులో దాగిన దుంపలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే మా పిల్లల చేతులు ఆగేవి కావు. మాకు దక్కేవి రెండే, లక్కముక్కలూ నాచూ. లక్కముక్కల్ని గచ్చకాయల ఆటలో పందెం కాసేవాళ్ళం. ఆ నాచును ముఖానికి అద్దుకుని పీలిస్తే, కొండలూ మంచూ ఎలా ఉంటాయో ఎన్నడూ చూడని మాకు అవన్నీ చూసి వచ్చినట్టు ఉండేది. పంపకం అయ్యాక అందరికీ చలిమిడి పెట్టేది అమ్మ, చేతులకు మట్టి ఉండగానే తినేవారు.

ఆ పంపకానికి ఒక కట్టుబాటు ఉంది. ఏ మొక్కా ఒక్క ఇంట్లోనే ఉండకూడదు. గులాబీ అయితే కొమ్మ కత్తిరించి ఇవ్వాలి, దుంప అయితే పిలక విరిచి ఇవ్వాలి, ఎవరి ఇంట్లోదైనా రెండో గడప తొక్కాలి. ఒంటి గడప మొక్క నిలవదనేవారు. ఇంకొక షరతు, ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు. అడిగితే రెండిళ్ళలోనూ పోతుందట. మొక్కల పంపకానికి ఇంత కట్టుబాటు పెట్టిన ఈ నలుగురూ ఆవకాయ జాడీ విషయంలో మాత్రం ఎవరిది వాళ్ళు మూత బిగించి దాచుకునేవారు.

అమ్మకు ఆ కట్టుబాటు నచ్చనిది ఒక్కసారే. మాది వ్యాపారం ఇల్లు, ఉమ్మడి కాపురం, బీరువా తాళం నాయనమ్మ బొడ్లో ఉండేది, రేడియో నాన్నది, పెరటి కాయగూరలు అందరివీ. ఒక ఏడాది పార్సిల్లో అమ్మ పేరున ఫుట్‌బాల్ లిల్లీ దుంప వచ్చింది. పెట్టెలో దానితో వచ్చిన కాగితం మీద రంగు బొమ్మను పాపిట్లో సిందూరంతో పోల్చి చూసుకునేది. దుంపకు చిన్న పిలక ఉంది. దాన్ని విరవకుండా, ఎవరూ చూడకుండా, మట్టికుండలో పాతేసి పిట్టగోడ మీద పెట్టింది. పక్కింటి సుభద్ర అత్తయ్యగారు చూడనే చూసింది. ఆవిడ భర్త బ్యాంకు ఉద్యోగి, ఆవిడ గొంతు మా నాన్న కొట్టుదాకా వినిపించేది.

"పిలక మీద నాకు ఆశ లేదు గానండి వదిన గారూ, మీ దుంప బతకాలిగా, అందుకని అడుగుతున్నా," అంది.

అమ్మ కుండ దించి, పిలక విరిచి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

ఆ మేలోనే అమ్మ దుంప పూసింది. ఆకు లేదు, ఏమీ లేదు, మచ్చల కాడ మీద పిడికిలంత ఎర్రని గుండ్రని పువ్వు, దగ్గరికెళ్ళి చూస్తే వందల నిప్పురవ్వలు. వీధి వీధంతా వచ్చి చూసింది. వేసవి సెలవులకు వత్సవాయి నుంచి వచ్చిన మా పెద్దమ్మ కూడా, ఊరికే దేన్నీ మెచ్చుకోని మనిషి, ఒక నిమిషం నిలబడి చూసి, "బాగానే ఉంది," అంది. అమ్మ ఆ వారమంతా ఎవరు ఏం పని చెప్పినా నవ్వుతూ చేసింది. సుభద్ర అత్తయ్యగారి పిలక మాత్రం రెండు ఆకులు వేసి ఊరుకుంది, పూతకు రావడానికి దానికింకా ఏళ్ళు పడుతుందన్నారు.

ఆ మాఘంలో మా చిన్నత్త పెళ్ళి. పేట సంబంధం, అంటే జగ్గయ్యపేట వాళ్ళు. ఇల్లంతా బూందీ పాకం వాసన, కొత్త సున్నం వాసన, మేనమామలు తెచ్చిన అరటి గెలల వాసన. పెళ్ళి పనుల్లో పాలికలని ఉంటాయి, ఐదు మట్టికుండల్లో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, ముత్తయిదువులు పాలూ నీళ్ళూ పోస్తారు, మొలకలు ఎంత గుబురుగా వస్తే కాపురం అంత పచ్చగా ఉంటుందంటారు. కుమ్మరి ఇంటి నుంచి బండిలో వస్తూ ఒక పాలిక బద్దలైంది. ముహూర్తం తరుముకొస్తోంది. నాయనమ్మ అటూ ఇటూ చూసి, పిట్టగోడ మీద ఉత్త మట్టితో ఉన్న కుండ ఒకటి కనబడితే దించి, సున్నం పూసి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, పైన ఇంత పుట్టమన్ను పోసి గింజలు చల్లించింది. చలికాలం కాబట్టి దుంప లోపల పడుకుని ఉంది. నాయనమ్మకు ఆ సంగతి తెలియదు. వంటవాళ్ళ దగ్గర నెయ్యి లెక్క చూస్తున్న అమ్మకు ఈ సంగతి తెలియదు. పిలిస్తే వచ్చి, మిగతా ముత్తయిదువులతో పాటు తన దుంప మీద తనే పాలూ నీళ్ళూ పోసి వెళ్ళింది.

ఐదింటిలోనూ ఆ కుండే బాగా మొలిచింది. అమ్మ ఏడాదిగా పేడ ఎరువు కలిపి, జల్లించి, మచ్చిక చేసుకున్న మట్టి కదా మరి. పెద్దవాళ్ళంతా శుభమన్నారు. పదహారు రోజుల పండగనాడు మేళంతో వెళ్ళి ఐదు పాలికల్నీ కుండలతో సహా ఊరి పక్కన పారే మునేట్లో వదిలేశారు. నీళ్ళలో మునిగేముందు మొలకలు ఒకసారి ఇటు తిరిగాయని మేం చప్పట్లు కొట్టాం.

చైత్రంలో కాడ రావలసిన వేళకు అమ్మ కుండ కోసం వెతికింది. పిట్టగోడ మీద గుండ్రటి తడి మచ్చ ఆరిపోయిన గుర్తు మాత్రం ఉంది.

"దాంట్లో ఏముందే? ఉత్త మట్టేగా!" అంది నాయనమ్మ. సంగతి అర్థమయ్యాక ఆవిడ ముఖం కూడా చిన్నబోయింది, కానీ పెద్దరికం కదా, "పెళ్ళికి పనికొచ్చిందిగా, అంతకంటే పుణ్యమేముంది?" అని సర్దేసింది.

అమ్మ, "పోన్లెండి అత్తయ్యా," అని, బట్టలు ఉతికే రాయి దగ్గరికి వెళ్ళి, ఉతికిన బట్టల్నే మళ్ళీ ఉతుకుతూ ఏడ్చింది. నేను చూశాను. అంతకుముందు అమ్మ దేనికీ అలా ఏడవగా చూడలేదు. చిన్నత్త కాపురం మాత్రం ఏ లోటూ లేకుండా సాగింది, దానికి కారణం ఆ ఐదో పాలికేనని నాయనమ్మ చివరిదాకా చెప్పుకుంది.

ఇక మిగిలింది సుభద్ర అత్తయ్యగారి పిలక. ఇచ్చినదాన్ని అడగకూడదు కాబట్టి అమ్మ అడగలేదు, అటువైపు గోడ దగ్గరికి వెళ్ళడమే మానేసింది. ఆ మే నెలలోనే అత్తయ్యగారి భర్తకు రాయలసీమ వైపు బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కిస్తుండగా ఆవిడ తన కుండ చంకన పెట్టుకుని మా వసారాలోకి వచ్చింది. ఎవరూ అనుకోకుండానే ఆ ఏడే దానికి మొదటి మొగ్గ వచ్చింది, పచ్చగా, గుత్తంగా, విప్పుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆవిడ కుండ బోర్లించి మట్టి దులిపి చూసింది. దుంపకు పిలక లేదు.

"కత్తిపీట తెండి," అంది.

అమ్మ నిర్ఘాంతపోయింది. "వద్దండీ వదిన గారూ, రెండు ముక్కలూ చస్తాయి. మీరే తీసుకెళ్ళండి, మీ ఇంట పూస్తే నాకు పూసినట్టే."

"ఒంటిగా తీసుకెళ్తే దార్లోనే పోద్ది. తెండి, లారీ వాడు అరుస్తున్నాడు."

అమ్మే తెచ్చింది. అత్తయ్యగారు మొగ్గను తుంపి పక్కన పెట్టి, దుంపను నిలువునా, అడుగున వేళ్ళు పుట్టే పీట సరిగ్గా సగానికి వచ్చేటట్టు కోసింది. పొయ్యి బూడిదలో పసుపు కలిపి కోసిన చోట ఇద్దరూ అద్దారు. ఒక సగం అమ్మ చేతిలో, ఒక సగం ఆవిడ కొంగులో. ఇద్దరి చేతులకూ జిగురు. ఒకరికొకరు వెళ్ళొస్తానని కూడా సరిగా చెప్పుకోలేదు, ఎప్పుడూ అంత పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి ఆ రోజు తల మాత్రం ఊపి లారీ ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. తుంపిన మొగ్గను అమ్మ నీళ్ళగ్లాసులో పెట్టింది, అది విచ్చుకోకుండానే వాడింది.

అమ్మకు దక్కిన సగం దుంప శ్రావణం ముసురులో కుళ్ళిపోయింది. అవతలి సగం ఏమైందో మాకు తెలియలేదు. ఆ రోజుల్లో బదిలీ మీద వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే. కానీ ఏటా మేలో, తొలకరికి ముందు గాలి ఒకసారి చల్లగా వీచిన సాయంత్రం, అమ్మ చేస్తున్న పని ఆపి, "సుభద్ర గారింట్లో ఈపాటికి పూసుంటుంది," అనేది. అనుమానంగా కాదు, చూసి వచ్చినట్టే అనేది. తను పోయేదాకా అలాగే అంది. ఆ మాట అన్న ప్రతిసారీ అమ్మ ముఖం తేటపడేది, నాకది అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ వీధిలో ఆ నాలుగిళ్ళూ లేవు. మా ఇల్లున్న చోటే కట్టిన అపార్ట్‌మెంటులో నాకొక వాటా వచ్చింది, వసారా పోయి బాల్కనీ మిగిలింది. కుట్టిన గుడ్డా లేదు, లక్కా లేదు, ముఖానికి అద్దుకునే నాచూ లేదు. మొన్న దుంపను కుండీలో పెట్టబోతూ పిలకను విరిచి, పాత పేపరు ముక్కలో పెట్టుకుని ఎదురు ఫ్లాటు తలుపు తట్టాను. ఆ అమ్మాయీ మా గ్రూపులోనే ఉంది, నా ఫొటోకి అందరికంటే ముందు హృదయం పెట్టింది తనే. చాలా మంచి పిల్ల.

"అయ్యో, మీదెందుకు ఆంటీ పాడుచేసుకోవడం? లింక్ పెట్టండి, నేనూ ఆర్డర్ పెట్టేస్తా," అంది.

లింక్ పెట్టాను. పిలకను ఇంకో కుండీలో నాటి బాల్కనీలో ఆ చివర పెట్టాను, అమ్మ లెక్కలో అది రెండో గడప కిందికి రాదు. మేలో పూస్తుంది, ఫొటో పెడతాను, బాగుందంటారు. ఏదో ఒక ఎండాకాలం రెండూ పోతే, ఈపాటికి ఫలానా వారింట్లో పూసుంటుందని చెప్పుకోవడానికి నాకు ఒక్క పేరు కూడా లేదు.