వంక పొంగిన నాటి అగ్గి

ముసురు పట్టిన రోజు నంద్యాలలో మా ఇంటి పక్క కల్యాణమండపంలో పెళ్లి వంటకు పొయ్యి రాజేస్తుంటే, తడి కట్టెల పొగ పుల్లగా, ఘాటుగా గదుల్లోకి వస్తుంది. అందరూ కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం ఆళ్లగడ్డ అవతల, నల్లమల కింద, మా ఊరి పక్క పారే వంక నీళ్ల హోరు చెవిలో పడుతుంది.

ఆశ్వయుజం వస్తే మా ఊరి పిల్లల చేతులన్నీ సీతాఫలాల జిగురే. పచ్చికాయలను గడ్డిలో మాగేసి, మెత్తబడ్డాయా అని పొద్దున లేస్తూనే తడిమి చూసుకునేవాళ్లం. ఆ కాయల కోసమే ఒకరోజు నాయన, మేము జేజి అని పిలిచే నాయనమ్మ, నన్నూ నాలుగేళ్ల తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని, జొన్నరొట్టెలూ శనక్కాయల ఊరిబిండి పచ్చడీ మూటగట్టుకుని కొండెక్కారు. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి కుండపోతగా కురిసింది. దిగివచ్చేసరికి, పొద్దున చీలమండలైనా తడవకుండా దాటిన వంక ఎర్రగా పొంగుతోంది. ఒడ్డున తమ్ముడు జారి నీళ్లలో పడ్డాడు. నాయన దూకి జుట్టు పట్టి బయటికి లాగాడు.

ముందుకు వంగిన పెద్ద రాతిగుండు కింద నలుగురం ఒదిగి కూర్చున్నాం. తమ్ముడి పెదవులు నేరేడుపండులా అయ్యాయి. కాసేపటికి వాడి వణుకు ఆగిపోయింది. తగ్గిందనుకుని నేను సంతోషించాను గానీ, జేజి ముఖం నల్లబడింది.

"కండ్లు మూయనీయాకు పాపా! పిలుస్తా ఉండు వాన్ని!"

నాయన ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీశాడు. పొగ తప్ప మంట లేదు. మళ్లీ గీశాడు. తన వక్కాకు సంచిలో తడవకుండా దాచి ఇచ్చిన ఆ అగ్గిపెట్టెను జేజి నాయన చేతిలోంచి లాక్కుంది.

"ఊరికే గీస్తే యాడ అంటుకుంటాదిరా? చెట్టుమీదే ఎండిన కొమ్మ ఇరుచుకురాపో. బేగా!"

నాయన తెచ్చిన కొమ్మ బెరడు, నడుముకు చెక్కుకున్న కొడవలితో చెక్కేస్తే లోపల పొడిగా, తెల్లగా ఉంది. దాన్ని సన్నగా చీల్చారు. ఇంతలో పైన కొండముచ్చుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయి, పొదల్లో ఏదో బరువుగా కదిలింది.

"ఏందీ జేజీ అది?"

"ఏం లేదు. నువ్వు వాని కాళ్లు రుద్దు."

జేజి తడవకుండా మిగిలిన కుచ్చిళ్ల లోపలి గుడ్డ చించి చీలికల కింద పెట్టింది. పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క పుల్ల గీసి, జల్లుకు తన వీపును అడ్డం పెట్టి, గుండు అంచున కూర్చుండిపోయింది. గుడ్డ అంటుకుంది, తర్వాత కొమ్మ. పొదల్లో కదలిక దూరమైంది. చాలాసేపటికి తమ్ముడు ఏడ్చాడు. అంత తియ్యని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

చీకటి పడకముందే వంక తగ్గడంతో ఇల్లు చేరాం. జేజికి మాత్రం ఆ జల్లు రొమ్ములోకి దిగి జ్వరం పట్టుకుంది. దీపావళి చూడకుండానే పోయింది.

తమ్ముడిప్పుడు ఆళ్లగడ్డలో ఆటో నడుపుతాడు. మొన్న వానల్లో వాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. వంక మీద వంతెన వచ్చింది. గుండును రోడ్డు కంకరకు పగలగొట్టేశారు. వాడు వంగి ఒక కంకర రాయి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎట్లుండేదక్కా జేజి?" అన్నాడు.

చెప్పబోయాను. ముఖం గుర్తు రాలేదు, వానలో తడుస్తున్న వీపు తప్ప.