సార్ పదవిలో నా ఆఖరి ఆదివారం

ఆ రోజుల్లో, అంటే మరీ పాతవేం కావు, ఫోన్లో నెట్టు చవకైన కొత్తలో, మనిషి ఎంత చదివాడన్నది ఎవరికీ కనిపించేది కాదు. ఎంత టైపు చేశాడన్నదే కనిపించేది. నాలాంటివాడికి అంతకంటే మంచి కాలం లేదు. ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను (బడే నన్ను మానేసిందని మా బాపు వాదన). పందొమ్మిదేళ్లకు సిరిసిల్లలో ఒక షెడ్డులో ఎనిమిది సాంచెలు (పవర్‌లూమ్ మగ్గాలను మేం అలాగే అంటాం) నడుపుతూ, చాయ్ తాగే పది నిమిషాల్లో ఫోన్లో మా జిల్లా ముచ్చట్ల గ్రూపులో దూరి అందరినీ ఆటపట్టించేవాణ్ని. ఆ గ్రూపు నడిపేది ఒక పెద్దావిడ. ఆదిలాబాద్ వైపు మిషన్ బడిలో చెప్పి రిటైరై కరీంనగర్‌లో ఉండేది కాబట్టి అందరికీ టీచరమ్మే. ఒకసారి నా జోకు కింద ఆవిడ 'బాగ చెప్పిన్రు సార్' అని రాసింది. అప్పటిదాకా నన్నెవరూ సార్ అనలేదు. వెంటనే తీసుకెళ్లి మా అవ్వకు చూపించాను. ఎవరికో పెట్టబోయి నీకు పెట్టినట్టుందని ఆమె తేల్చేసింది.

తర్వాత ఇంకెవరో మీరు ఏ కాలేజీలో చెప్తారు సార్ అని అడిగారు. కాదని రాయడానికి వేళ్లు కదల్లేదు. రోజూ ఎనిమిదింటిని వరసలో నిలబెట్టి పని చేయిస్తానని రాశాను. ఒక్క ముక్క అబద్ధం లేదు చూడండి. ఆ రోజు నుంచి గ్రూపులో నేను లెక్చరర్‌ని. ఆర్నెల్లు హాయిగా వెలిగాను. అప్పుడు టీచరమ్మ, ఆదివారం అందరం మానేరు డ్యాం దగ్గరి పార్కులో కలుద్దాం, తలా ఒకటి వండుకొని రండి, చివర్లో సిరిసిల్ల సార్ రెండు మాటలు మాట్లాడతారు అని పెట్టింది. నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. పోకపోతే అనుమానం, పోతే రుజువు. పదవి పోతే పోయింది; ఆ గ్రూపు వాళ్లు తప్ప నన్ను 'మీరు' అనే మనిషి భూమ్మీద లేడు. అబద్ధాలకోరని వాళ్లు బయటికి తోసేస్తే, ఇక చాయ్ టైములో షెడ్డు గోడకేసి చూస్తూ కూర్చోవడమే.

బావ తెల్లచొక్కా అడిగి తొడుక్కున్నాను. జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి ఎర్రది (పేపర్లు దిద్దేవాడికి ఉండాలి కదా). చేతిలో అవ్వ కాల్చిన సర్వపిండి డబ్బా. సాంచెల మోతలో పనిచేసేవాడు పక్కవాడితో కూడా పక్క ఊరివాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు కాబట్టి, బస్సులో దారంతా మెల్లగా మాట్లాడటం సాధన చేశాను. జ్వరమా తమ్మీ అని పక్క సీటాయన అడిగాడు.

పార్కులో పాతిక మంది ఉన్నారు. వాళ్లలో నేను గ్రూపులో రోజూ ఏడిపించే జమ్మికుంట డాక్టర్ సాబ్ కూడా ఉన్నాడు. ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఉప్పునీళ్లు పుక్కిలించమనేది ఆయనే. నలభై ఏళ్లు ఉంటాయి, ఇస్త్రీ ప్యాంటు, మెడ మీద పౌడరు. ఒకావిడ ఆయనకు తన మోకాలు చూపిస్తోంది. ఆయన ఆ మోకాలి వంక పామును చూసినట్టు చూస్తున్నాడు. ఎందుకో ఆలోచించలేదు, నా భయం నాది.

ఇంతలో నన్ను పిలిచారు. చాయ్ గ్లాసుతోనే లేచి, నమస్కారం అని నెమ్మదిగా అందామనుకున్నాను. షెడ్డు గొంతే వచ్చింది. కట్ట మీద పల్లీలు అమ్మేవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఏ కాలేజీ సార్ మీది అని ఎవరో అడగనే అడిగారు. నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే డాక్టర్ సాబ్ వెనక వరసలోంచి నావైపు చూస్తూ, రెండు వేళ్లతో లేని మీసం మెలేశాడు. చూసేవాళ్లకు అది పొగరు. కానీ షెడ్డులో అరిచినా వినపడనప్పుడు చేతులతోనే చెప్పుకుంటాం. అక్కడ మీసం మెలేస్తే ఆసామి వస్తున్నాడని, అంటే సాంచెల యజమాని వస్తున్నాడని అర్థం. నేను అనుకునేలోపే గ్లాసు వీపు వెనక దాక్కుంది, తల గిర్రున వెనక్కి తిరిగింది, రెండో చెయ్యి అక్కడ లేని సాంచెను పట్టుకుంది.

"నీ గొంతు ఇన్నప్పుడే అనుకున్న. ఎన్నేండ్ల సంది నడుపుతున్నవే?" అన్నాడాయన నవ్వుతూ.

నేను దొరికిపోయాను. అయితే ఆ సైగ తెలిసినందుకు ఆయనా దొరికిపోయాడు. అది ముందుగా పట్టింది మోకాలావిడ. "గట్లయితె నువ్వు డాక్టర్‌వి కావా?" అంది.

"డాక్టర్‌నని నేనెప్పుడన్న అన్ననా అక్కా? పదేండ్లు సాంచెలు నడిపిన. ఇప్పుడు జమ్మికుంట యార్డుల పత్తి బస్తాలు మోస్తున్న. మా ఆసామికి ఏం నొచ్చినా ఉప్పునీళ్లే పుక్కిలిస్తుండె, నాకు గదొక్కటే ఎరుక."

నేను టీచరమ్మ వైపు తిరిగి, నేను సార్‌ను కాను మేడం, ఎనిమిదో తరగతి, అది కూడా సగమే అని చెప్పేశాను. ఆవిడ తాపీగా కళ్లద్దాలు తుడుచుకుంది. "సార్ అంటే నిజంగ సారనుకున్నవా బిడ్డా? గ్రూపుల నేను అందర్ని సారే అంట. అనకముందు ఒకల్నొకలు తిట్టుకొని సస్తుండిరి."

ఫోను తీసి చూశాను. మిర్చిబజ్జీల బండాయన సార్. జీపు నడిపే ఉట్నూరు పిల్లగాడు సార్. ఆర్నెల్లుగా నా పేరు కింద ఏం రాశారో చదువుకోవడమే తప్ప, పక్కవాళ్ల పేర్ల కిందికి నా చూపు పోతే ఒట్టు. నా మొహం చూసి పాతిక మందీ ఒక్కసారి నవ్వారు. ఆ తర్వాత గంటసేపు షెడ్డు ముచ్చట్లు గొంతు పోయేదాకా చెప్పాను. అందరూ 'మీరు' మానేసి 'నువ్వు'లోకి దిగారు. నాకేమీ తక్కువైనట్టు అనిపించలేదు. సర్వపిండి డబ్బా మాత్రం ఖాళీ అయింది.

సాయంత్రం బస్టాండులో ఆయన జమ్మికుంట బస్సులో, నేను సిరిసిల్ల బస్సులో కిటికీల దగ్గర కూర్చున్నాం. రెండు ఇంజన్లూ మోగుతున్నాయి. ఆ మోకాలు సంగతి ఏం చెయ్యాలని ఆయన చేతులతో అడిగాడు. ఉప్పునీళ్లు అని నేను చేతులతోనే చెప్పాను. బస్సులు కదిలేదాకా అలా ముచ్చట పెట్టుకుంటుంటే, నా పక్కనున్న ముసలవ్వ నా భుజం తట్టి, "మాటలు రావా బిడ్డా?" అని అడిగింది. ఆవిడ చేతిలో అప్పుడే సంచిలోంచి తీసిన జామకాయ ఉంది. రావని తలూపాను. సిరిసిల్ల దాకా నోరెత్తలేదు. నా జీవితంలో అలాంటి గంట అదొక్కటే. ఒక వేషం విప్పి పూట గడవకముందే జామకాయ కోసం ఇంకోటి కట్టిన ఆ పోరణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ తర్వాత బస్సులు చాలానే ఎక్కాను గానీ, వాడంత తేలిగ్గా ఎక్కిన రోజు నాకు మళ్లీ రాలేదు.