నాన్న చెవులకీ స్కూటరుకీ పందెం

మా నాన్నకి చెవుడని నర్సీపట్నంలో మా వీధి వీధంతటికీ తెలుసు, ఆయనకి తప్ప. టీవీ సౌండు ఎదురింటివాళ్ళకి కూడా సరిపోయేలా పెడతాడు. యలమంచిలి నుంచి ఎవరో ఫోన్ చేసి ఫలానా చుట్టం పోయాడని చెబితే, "మంచిది మంచిది, అందరం వస్తాం" అన్నాడు. వినపడకపోతే "ఆఁ, సరే సరే" అని తలూపేస్తాడు. "ఏటన్నారు?" అని తిరిగి అడగడం ఆయన ఇంటావంటా లేదు.

మొన్న బజార్లో వెనక నుంచి లారీ హారను కొడుతూనే ఉన్నా పక్కకి తప్పుకోలేదట. అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు. చెవుల డాక్టరు దగ్గరికి రమ్మని అరిచి అరిచి, చివరికి గొంతు డాక్టరు దగ్గరికి నేను పోవాల్సొచ్చేలా ఉంది.

"నా సెవులకేటే? ఇంజన్లో ఇసుమంత తేడా ఉన్నా కనిపెట్టెస్తాను. ఆదివారం బండికి ట్యూనింగు సేస్తాను, నువ్వే సూడు. కుదిరిందంటే మళ్ళీ డాక్టరు పేరెత్తకూడదు" అన్నాడు.

"కుదరకపోతే వస్తావా?" అని వీధంతా వినపడేలా అరిచాను. వస్తానన్నాడు.

ఆ స్కూటరు నాకంటే పెద్దది. గారాబం కూడా దానికే ఎక్కువ. ఆదివారం పొద్దున్నే పక్క డొప్ప ఊడదీసి, ప్లగ్గు గరుకు కాగితంతో రుద్ది, కార్బరేటరు పెట్రోల్లో కడిగి బిగించాడు. అమ్మ వచ్చి హ్యాండిలు పట్టుకుని బండిని తనవైపు వంచింది. అలా వంచితేనే పెట్రోలు దిగుతుందట. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే వరస, అమ్మ వంచాలి, నాన్న కిక్కు కొట్టాలి. "పూజకైనా నన్నిలాగ పక్కన నిలబెట్టుకోలేదు మీ నాన్న" అంటుంది అమ్మ.

బండి రయ్యిమని లేచింది. పొగకి మేమిద్దరం దగ్గుతుంటే, నాన్న కళ్ళు మూసుకుని, చెవి దగ్గరపెట్టి, స్క్రూ తిప్పుతున్నాడు.

"ఇంకా గోల ఎక్కువుంది" అని మరికాస్త తిప్పాడు. ఇంజను రెండుసార్లు గునిసి, టుక్కుమని ఆగిపోయింది.

నాన్న స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

"అద్దీ! ఇప్పుడు కుదిరింది. ఎంత మెత్తగా తిరుగుతోందో సూడు."

పందెం నేనే గెలిచాను. ఎగిరి గంతెయ్యాలి మరి! ఛ, ఏం పాడు గెలుపది, ఏడుపొచ్చింది. అమ్మ ఇంకా హ్యాండిలు వదల్లేదు.

నాన్న మురిపెంగా సీటు మీద చెయ్యేశాడు. ఇంజను తిరుగుతుంటే ఆ సీటు గజగజా వణుకుతుంది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. కళ్ళు తెరిచి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఇప్పుడేనండీ, మీరు సెయ్యేసినాకే ఆగింది" అంది అమ్మ గబగబా.

నాన్న ఎప్పట్లాగే తలూపబోయి, ఆగాడు. నావైపు తిరిగాడు.

"మీ అమ్మ ఏటందే?" అన్నాడు.