నేను పారబోసిన తొలి వాన

మీరంతా వాన కోసం ఎదురుచూసినవాళ్లే. పడిన వానను చేతులారా నేలమీద పారబోసినవాణ్ణి ఎప్పుడైనా చూసినారా? చూడకపోతే ఇదో, మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు, బాగా చూసుకోండి.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పొద్దున మా పక్కింటి పిల్ల వచ్చింది. కాలేజీలో కొత్తగా జాగ్రఫీ తీసుకుందంట. "తాతా, నువ్వు గూడా అదే చదివినావంట కదా. ఎట్ల చదవాల్నో చెప్పు" అనింది. పెద్దవాణ్ణి కదా, గొంతు సవరించుకున్నాను. సవరించుకున్నానో లేదో, మా నాయన గుర్తొచ్చినాడు.

అరవైల నాటి మాట. నేను అనంతపురంలో పి.యు.సి. చదువుతున్నాను. మా నాయన పీరయ్యకు పాతూరులో రేకుల అంగడి. అంగడంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు పలకల తలుపు, ఒక బొగ్గుల కుంపటి, ఒక సుత్తి, ఒక కత్తెర. గరాట్లు, కిరసనాయిలు డబ్బాలు చేస్తాడు, కారే బిందెలకు మాటు వేస్తాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ మా నాయన వేసిన మాటు మళ్లీ కారిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు. ఆయనకు ఈ లోకంలో ఉన్న గర్వం అదొక్కటే.

మా జాగ్రఫీ సారు బందరు వైపు మనిషి. సముద్రం పక్కన పుట్టి మా ఎండల్లోకి వచ్చి పడినాడు పాపం. మొదటి రోజే పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, తన క్లాసులో ఎట్లా ఉండాలో చెప్పినాడు. రేపటి పాఠం ఇవాళే ఒకసారి చదివి రావాలి. పటాలు ఎవరివి వాళ్లే గీసుకోవాలి. బట్టీ పట్టకూడదు. చూడకుండా ఏదీ రాయకూడదు. నేను వాటిని ఎర్ర సిరాతో, కింద నీలి సిరా గీతలతో నోటుబుక్కులో అందంగా రాసుకున్నాను. సాయంత్రానికల్లా నాలుగూ వచ్చేసినాయి. బట్టీ పట్టకూడదు అన్నదాన్ని కూడా బట్టీ పట్టేసినాను.

నా చదువు అట్లాంటిది మరి. గొంతెత్తి, అటూ ఇటూ తిరుగుతూ, అర్థంతో పని లేకుండా. మంచు నదులు, సముద్రపు పోటు, ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. మంచూ చూడలేదు, పోటూ చూడలేదు. వాన పాఠం వల్లించి వల్లించి గొంతెండిపోతే, కుండలో నీళ్లు అయిపోయినాయని మా అమ్మ సగం గ్లాసే ఇచ్చేది.

కాలేజీకి అప్పటికి వానను కొలిచే గేజీ లేదు. పైకి రాసినారు, వచ్చేటప్పుడు వస్తుంది. అంతవరకు అయిదంగుళాల గరాటు ఒకటి సరిగ్గా చేసిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని సారు క్లాసులో అడిగినాడు. ఆ ఏడంతా నేను తెలిసి చెయ్యి ఎత్తింది ఆ ఒక్కసారే.

సారే స్వయంగా అంగడికి వచ్చినాడు. బొమ్మ గీసిన కాగితం పట్టుకుని, కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని కూర్చుని, "పీరయ్య గారూ" అన్నాడు. ఆ గారు ఎవరా అని మా నాయన వెనక్కి తిరిగి చూసినాడు.

మా నాయన రెండు చేసినాడు. మొదటిది చెయ్యి కుదరడానికి, రెండోది కాలేజీకి. నాకైతే తేడా కనబడలేదు. గరాటు కింద సీసా, సీసా చుట్టూ రేకు డబ్బా. కాలేజీది తీసుకుపోతూ సారు, "వాన పడకపోయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి చూడాలండీ. ఏమీ లేకపోతే సున్నా అని రాయాలి" అన్నాడు.

"ఏమీ లేనిదాన్ని చూసేదేంది సార్?" అన్నాడు మా నాయన.

"లేదని తెలిసేది చూస్తేనే కదండీ."

మా నాయన చాలాసేపు తల ఊపినాడు. మొదట చేసినదాన్ని మిద్దె మీద పెట్టుకున్నాడు. ఏదో ముచ్చట పడినాడులే అనుకున్నాను.

గరాటు చేసినవాని కొడుకు కాబట్టి చూసే పని నాకే పడింది. పొద్దున్నే పోవాలి, గరాటు ఎత్తాలి, సీసాలో నీళ్లుంటే గీతల గ్లాసులో పోసి కొలవాలి. అంగుళంలో నూరో వంతును సెంటు అనేవాళ్లం, అన్ని సెంట్లని ఇంగ్లీషులో చీటీ రాయాలి. అటెండరు నారాయణప్ప దాన్ని నోటీసు బోర్డుకు గుచ్చుతాడు. నెలాఖరుకు సారు ఆ చీటీలన్నీ చూసి రిజిస్టరులో ఎక్కించుకుంటాడు.

జులై అంతా బుద్ధిగా పోయినాను. రోజూ పొద్దున నడిచిపోవడం, గరాటు ఎత్తడం, ఎండిన సీసాను చూడడం, సున్నా రాయడం. మన ఊరి జులై మీకు తెలియంది కాదు. గాలి తప్ప ఏమీ రాదు. ఆగస్టు వచ్చేటప్పటికి నాకు తెలివి పెరిగింది. లేని నీళ్లు చూడడానికి పోయి వచ్చే ఆ అరగంటలో రెండు పేజీలు బట్టీ పట్టొచ్చు కదా అని తోచింది. ఒక ఆదివారం కూర్చుని నెలకు సరిపడా చీటీలు ఒక్కసారే రాసేసినాను. తేదీలు వేసినాను. రెయిన్‌ఫాల్: నిల్. స్కై: క్లియర్. అన్నీ ఒకే తీరుగా ఉంటే బాగుండదని కొన్నింటికి నల్ల సిరా, కొన్నింటికి నీలి సిరా వాడినాను. చదువులో ఎప్పుడూ లేని శ్రద్ధ.

కట్ట తీసుకుపోయి నారాయణప్ప చేతిలో పెట్టినాను. "రోజుకొకటి పైనుంచి తీసి గుచ్చన్నా."

ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ బుర్ర ఉంది. "ఏమప్పా దస్తగిరీ, వాన ఒచ్చినా ఇదే గుచ్చాల్నా?" అన్నాడు.

"వస్తే కదన్నా."

"అదీ నిజమేలే" అన్నాడు.

ఆగస్టు సగంలో వచ్చింది. సాయంత్రం పూట, చెప్పా పెట్టకుండా. జనమంతా వీధుల్లోకి వచ్చినారు. మా అమ్మ ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె బయట పెట్టింది. మా నాయన అంగట్లోని కొత్త డబ్బాలన్నీ వరసగా పెట్టి, తను మాత్రం తడుస్తూ నిలబడి నవ్వినాడు. నేనూ ఎగిరినాను. గేజీ సంగతి, చీటీల సంగతి ఒక్క క్షణం గుర్తుకు రాలేదు. పొద్దున్నే స్నేహితులతో బుక్కరాయసముద్రం చెరువుకు నీళ్లొచ్చినాయేమో చూడడానికి పోయినాను. నెర్రెలు తడిసినాయి, అంతే. అక్కణ్ణుంచి తిన్నగా కాలేజీకి.

బోర్డు ముందు గుంపు. అందరి కాళ్లకూ బురద. బోర్డు మీద నా చక్కని చేతిరాత: రెయిన్‌ఫాల్, నిల్. స్కై, క్లియర్.

"దస్తగిరీ, వాన పడిన సంగతి మీ నాయన గరాటుకు ఎవురూ చెప్పలేదేమప్పా?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వినారు. అంతలోనే సారు పిలుస్తున్నాడని కబురు వచ్చింది.

సారు బల్ల మీద ఆ చీటీ ఉంది. ఆయన కోప్పడలేదు. "ఏమయింది?" అన్నాడు.

నిజం నోటి దాకా వచ్చింది. దాన్ని తోసుకుని ఇంకోటి బయటకు వచ్చేసింది. "గరాటు కారినట్టుంది సార్."

సారు నా వైపు చూసినాడు, చీటీ వైపు చూసినాడు. "అలాగా. అయితే ఊడదీసి మీ నాన్నగారికే చూపించు. ఆయన చేతి పని, ఆయనే చెప్పాలి."

కాలేజీ వెనక్కి పోయి గరాటు ఎత్తినాను. సీసాలో సగానికి పైగా నీళ్లు. చుక్క కారలేదు. ఎట్లా కారుతుంది, చేసింది మా నాయన కదా. ఆ నీళ్లతో ఇంటికి పోతే నా మాట అబద్ధమని తెలుస్తుంది. అటూ ఇటూ చూసినాను. సీసా వంచినాను. కొలవను కూడా కొలవలేదు. ఆ ఏడు అనంతపురంలో పడిన తొలి వాన, మా నేల ఒక్క గుటకలో మింగేసింది.

గరాటు, డబ్బా అంగడికి తెచ్చి, కారిందని మా నాయనకు చెప్పినప్పుడు ఆయన ముందు నవ్వినాడు. "నా గరాటా? కిరసనాయిలే కారదు, వాన కారుతాదా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

ఆ మధ్యాహ్నమంతా చూసినాడు. డబ్బా నిండా నీళ్లు పోసి, కింద పొడి బూడిద పరిచి, దాని మీద వేలాడదీసినాడు. బూడిద తడవలేదు. కుట్టు పొడుగునా వేలితో రాసి చూసినాడు. ఎండలో పట్టుకుని లోపలి నుంచి వెలుతురు వస్తుందేమో చూసినాడు. "మిద్దె మీద దాంట్లో నిలిచినాయి. రెండూ ఒక రేకే, ఒక టంకమే. దీంట్లో యాల నిల్వలేదు?" అని తనలో తనే అనుకుంటున్నాడు. నేను మూల కూర్చుని పుస్తకం ముందర పెట్టుకుని ఏదో చదువుతున్నట్టు పెదాలు ఆడిస్తున్నాను.

అప్పుడే వీధి చివరి లక్షుమమ్మ కారే బిందె పట్టుకుని వచ్చింది. "పీరన్నా, దీనికింత మాటెయ్యి. వాన నీళ్లన్నీ కారిపోతాండాయి."

మా నాయన బిందె చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూసినాడు. తిరిగి ఇచ్చేసినాడు. "ఇంగో అంగడికి పోమ్మా. నా మాటు ఇప్పుడు నిలుస్తాండలేదు."

ఆ మాట విని నా లోపల ఏదో తెగిపోయింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను, ఆకలితో పడుకున్నాను, కానీ అంత బాధ ఎప్పుడూ పడలేదు. లక్షుమమ్మ మెట్టు దిగకముందే అంతా చెప్పేసినాను. చీటీలు, సిరాలు, నారాయణప్ప, సారుతో చెప్పిన అబద్ధం, అన్నీ. ఈసారి గుక్క తిప్పుకోకుండా చెప్పింది బట్టీ పట్టింది కాదు.

మా నాయన అంతా విని అడిగిన మొదటి మాట ఇది. "అంటే గరాటు కారలేదా?"

"లేదు నాయనా."

"లక్షుమమ్మా, ఆ బిందె ఇట్ల తేమ్మా" అన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. కుంపటి ఊదుతూ, నా వైపు చూడకుండా అడిగినాడు. "సీసాలో నీళ్లు ఏం చేసినావు?"

"పారబోసినా."

ఊదడం ఆపినాడు. "వాన పారబోసినావా?" అన్నాడు. అబద్ధమాడినందుకు తిట్టలేదు, తన పేరు చెడగొట్టినందుకు తిట్టలేదు. ఆ ఒక్క మాటే మళ్లీ అన్నాడు. "ఈ ఊర్లో పుట్టి, వాన పారబోసినావా?" తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నన్ను లేపినాడు. అంగడి తలుపులో ఒక పలక ఊడదీసి నా నెత్తిన పెట్టినాడు. తను మూత బిగించిన ఒక కొత్త డబ్బా చేతికి తగిలించుకున్నాడు, ఇంకో చేతిలో కాలేజీ గరాటు. "యాడికి నాయనా?" అంటే, "నడువు" అన్నాడు. పాతూరు నుంచి కాలేజీ దాకా తలుపు మోసుకుంటూ నడిచినాను. దారిలో అందరూ, ఇల్లు మారుతాండారా అని అడుగుతున్నారు.

సారు ముందు నిలబడి చేసిందంతా చెప్పినాను. అయిపోయినాక మా నాయన డబ్బా బల్ల మీద పెట్టినాడు. "మొన్నటి వాన సార్. మిద్దె మీద గరాటులో పడినవి. మీరు కొలుస్తారేమోనని పారబోయలేదు. కాలేజీలో కురిసింది, పాతూరులో కురిసింది ఒకటి కాదనుకోండి. అయినా అస్సలు లేనిదానికంటే నయం కదా."

సారు గీతల గ్లాసు తెప్పించి, కళ్ల ఎత్తుకు పట్టుకుని కొలిచినాడు. అంగుళం మీద పద్నాలుగు సెంట్లు. తర్వాత నా నెత్తి మీది పలక దించి చూసినాడు. లోపలి వైపు సుద్దతో చిన్న చిన్న సున్నాలు, వరసకు ఏడు. జులై మొదలు వాన పడిన మొన్నటి దాకా, ఒక్క రోజు తప్పలేదు. ఇన్నాళ్లూ ఆ తలుపు పక్కనే తిరిగినాను, ఒక్కసారి కూడా చూసింది లేదు.

"రెండు సున్నాల్లో చుక్క ఉందేమండీ?" అన్నాడు సారు.

"ఆ రెండు పొద్దులూ గరాటు లోపల కొంచెం తడి ఉండె సార్. రాత్రి నాలుగు చినుకులు రాలినట్టుండాది. కొలిచేంత లేదు. ఉత్త సున్నా పెట్టేదానికి మనసొప్పలేదు."

సారు ముఖం వెలిగిపోయింది. "దీన్ని మా పుస్తకాల్లో ట్రేస్ అంటారు పీరయ్య గారూ. ఈ ముక్క నేనింకా క్లాసులో చెప్పనేలేదు." రిజిస్టరు తీసి, నా చీటీల కట్ట పక్కకు నెట్టి, తలుపు చూసి ఆగస్టు తేదీలు ఒక్కొక్కటే రాసుకున్నాడు. చూసినవారు అన్న చోట మా నాయన పేరు రాసినాడు. ఎక్కడ రాసినాడో వేలు పెట్టి చూపిస్తే మా నాయన ఆ గీతల వైపు వంగి చాలాసేపు చూసినాడు.

అంతా అయిపోయినాక సారు నా వైపు తిరిగినాడు. "గరాటు కారిందన్నావు, ఒప్పుకుందాం. స్కై క్లియర్ అని రాశావు, ఆకాశం కూడా కారిపోయిందా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "మొదటి రోజు నాలుగు మాటలు చెప్పాను. చివరిది ఏమిటో గుర్తుందా?"

గుర్తు లేకపోవడం ఏమిటి. చేతులు కట్టుకుని, అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పినాను. "చూడకుండా ఏదీ రాయకూడదు సార్."

మా నాయన ఖాళీ డబ్బా చేతికి తగిలించుకుంటూ సారుతో అన్నాడు. "చదువులో మాత్రం మావాడు గట్టోడు సార్."

ఆయన మెచ్చుకున్నాడో, వాత పెట్టినాడో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ తలుపు తిరిగి మోసుకుపోతూ దారి పొడుగునా అదే ఆలోచించినాను. ఆ పొద్దు ఎండ బాగా కాసింది. స్కై క్లియర్. ఈసారి తలెత్తి చూసి మరీ చెప్తున్నాను.