ముద్ర అరిగిన దీపస్తంభాలు

మా ఇంట్లో వాటిని దీపస్తంభాలనేవాళ్ళం. వెండివి, జత. ఒక్కోదానికి అయిదు కొమ్మలు, కొమ్మల నిండా ద్రాక్షాకులు. తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేటప్పుడు, దేశం విడిచి వెళ్ళిపోతున్న దొర ఒకాయన ఇచ్చి పోయాడట. ఏడాదికొక్కసారి, క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం, వాటిలో కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. మిగతా రోజుల్లో పాత చీరలో చుట్టి బీరువాలో ఉండేవి.

ఈ మధ్య అక్క గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇంట్లో అమ్మడానికి ఇంకేం మిగల్లేదు. రెండు రోజులు ఎవరమూ బీరువా వైపు చూడలేదు. మూడో రోజు అమ్మే తీసి నా ముందు పెట్టింది.

"అమ్మెయ్యి. కానీ కరిగించేవాడికి మాత్రం ఇవ్వకే. ఎవరింట్లోనో ఒకరింట్లో వెలగాలి," అంది.

అదేం పెద్ద కోరిక అనిపించలేదు నాకు. వాటి గురించి ఒక కాగితం మీద అందంగా రాసుకున్నాను కూడా. చాలా పాతవి, ఇంగ్లండు పనితనం, ఎక్కడా చెక్కుచెదరలేదు, అని. టీచర్ని కదా, రాయడానికేం లోటు! చిన్నప్పుడు నేను కిందపడేసి వంచిన కొమ్మ సంగతి మాత్రం రాయలేదు.

మోండా మార్కెట్ వెనక పాత సామాన్ల షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి ముసలాయన నా కాగితం చదవనే లేదు. భూతద్దం కంటికి పెట్టుకుని అడుగు భాగం, కొమ్మల కింద, కొవ్వొత్తి గిన్నెల అంచులు చాలాసేపు వెతికాడు.

"ముద్ర ఏదమ్మా?"

"ఏం ముద్రండీ?"

"ఇంగ్లండు వెండి మీద సింహం బొమ్మ, చేసినోళ్ళ గుర్తు కొడ్తరు. గది ఉంటేనే పాత వస్తువని కొంటరు. గిక్కడ చూడు, నీడ లెక్క జెర కనిపిస్తుంది. అరిగిపోయింది. ఆకుల మీద ఈనెలు సుత పోయినయి. దేంతోటి తోమిండ్రు?"

చింతపండు, జల్లెడ పట్టిన బూడిద, కొబ్బరి పీచు. ముందు నానమ్మ, తర్వాత అమ్మ, ఆ తర్వాత నేను. తళతళలాడకపోతే ప్రభువు ముందు పెట్టడానికి పనికిరావనేది నానమ్మ. నా ముఖం కనిపించేదాకా వదిలేదాన్ని కాదు. 'ఇంక చాల్లే' అని ఒక్కరైనా అని ఉండకూడదా? నా మీద నాకే ఒళ్ళు మండింది.

"మరి మీరు తీసుకుంటే?"

"కరిగిచ్చుడే అమ్మా. ఉత్త వెండి లెక్కనే. నన్నేం జెయ్యమంటవ్?"

ఇంకో రెండు షాపులు తిరిగాను. అక్కడా అదే మాట. తెల్లారితే అక్కని ఆస్పత్రిలో చేర్చాలి. మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చి ఇచ్చేశాను. సంచిలో పట్టడం లేదని ఆయన నా కళ్ళ ముందే ఒక కొమ్మని వంచాడు. వద్దనడానికి అవింక నావి కావు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఎవరు తీసుకున్నారే?"

"కాప్రాలో ఒక కుటుంబం. మన విశ్వాసులే. ఏటా వెలిగిస్తారట."

అమ్మ ముఖం తేటపడింది. లోపలికి వెళ్ళబోతూ ఆగింది.

"చింతపండూ బూడిదా పెట్టి గట్టిగా తోమమని చెప్పావా? లేకపోతే నల్లబడిపోతాయి."

"చెప్పానమ్మా," అన్నాను.